ఖితామ్ కోసం కొన్న కారు

తఫీలా కొండల మీంచి గోర్ లోయలోకి దిగే దారిలో చిన్నవీ పెద్దవీ కలిపి నలభై మలుపులున్నాయి. ముప్పై తొమ్మిదింటికి పేర్లు లేవు. ఒక్కదానికే ఉంది — ఒంటిచెప్పు మలుపు.

చీకటి పడ్డాక అక్కడ ఎవరూ బండి ఆపరు. టైరు పగిలినా సరే, రిమ్ము మీదే ఈడ్చుకుంటూ కిందికి పోతారు కానీ ఆగరు. ఫాస్ఫేటు లారీలు తోలే మొరటు మనుషులు కూడా ఆ మలుపు రాగానే రేడియో కట్టేసి, పెదవుల చాటున దేవుణ్ణి తలుచుకుంటారు.

ఎందుకంటే... చాలా ఏళ్ల కిందట ఒకాయన, భార్యను వెనక సీట్లో కూర్చోబెట్టుకుని రాత్రిపూట కొండ దిగుతున్నాడట. పెట్రోలు దగ్గర మహా గట్టి మనిషి. దిగుడే కదా, ఊరికే తగలెయ్యడం ఎందుకని ఇంజన్ ఆపేశాడు. అది ఆ దారిలో అందరికీ ఉన్న అలవాటే. బండి జోరందుకుంది. బ్రేకు పడలేదు. వెనకనుంచి ఆవిడ — "ఆపు... నన్ను దింపెయ్యి..." అని బతిమాలుతూనే ఉందట.

మర్నాడు లోయలో కారు దొరికింది. ఆయనా దొరికాడు. ఆవిడ దొరకలేదు. సరిగ్గా మలుపులో, రోడ్డు మీద, ఆడవాళ్ల చెప్పు ఒకటి మాత్రం పడి ఉంది.

ఇద్దరూ పోయాక ఆవిడ మాటలు ఎవరు విన్నారని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఆ రోజు విన్నవాళ్లు లేరు. ఆ తర్వాత... విన్నవాళ్లు చెప్పారు.

హాయిల్ ఈ మాటలు నమ్మేవాడు కాదు. నడుము పోయి ఇంట్లో కూర్చునేదాకా, పద్నాలుగేళ్లు అదే దారిలో లారీ తోలాడు. ఒక్క రాత్రీ ఏమీ వినలేదు. "లోడు లారీకి ఇంజన్ ఆపితే దెయ్యం దాకా అక్కర్లేదురా, మనమే దెయ్యాలమవుతాం," అని నవ్వేవాడు.

కానీ ఆ నవంబరు శుక్రవారం నవ్వే స్థితిలో లేడు.

అతని భార్య ఖితామ్ నర్సు చదువు ముగించి పదకొండేళ్లయింది. పదకొండేళ్లూ సర్కారు జాబితాలో తన పేరు ఎక్కడుందో చూసుకోవడం, ఒక మెట్టు పైకి జరిగిందని సంబరపడటం. ఆ మధ్యలో ముగ్గురు పిల్లలు పుట్టారు, హాయిల్ నడుము విరిగింది, లారీ కొలువు పోయింది, టమాటా తోటల్లో కూలికెళ్లి ఆమే ఇల్లు నడిపింది. ఆ బుధవారం కాగితం వచ్చింది. కొండమీది ఆరోగ్య కేంద్రంలో ఉద్యోగం. ఆదివారం ఉదయం ఎనిమిదింటికి చేరాలి. చేరకపోతే పేరు మళ్లీ జాబితా అడుక్కి పోతుంది.

లోయలోని వాళ్ల ఊరునుంచి పైకి పోయే మొదటి బస్సు తొమ్మిదింటికి.

గురువారం ఖితామ్ గాజులు అమ్మేశారు. శుక్రవారం పొద్దున హాయిల్ కారు కొనడానికి బయల్దేరాడు. గుమ్మంలో ఆమె ఆపింది.

"మూడు మాటలు విను. తక్కువ తాగే బండి కావాలి. నెల జీతం తీసుకెళ్లి బంకులో పోసి రాలేను."

"తెలుసులే."

"తనిఖీ కాగితం చూడకుండా డబ్బు చేతిలో పెట్టకు. ఇక మూడోది... కాఫీ కప్పు కింద పెట్టి బేరం ఆడకు."

"కాఫీ కప్పు నిన్నేం చేసిందే పాపం?"

"నన్ను అడగడానికి వచ్చినప్పుడు మీ పెద్దాయన కప్పు కింద పెట్టే కదా, మా నాన్న దగ్గర కన్యాశుల్కం తగ్గించి, నన్ను సగం ధరకి కొట్టుకొచ్చారు!"

"అప్పుడు మేమూ తనిఖీ కాగితం అడగలేదుగా," అన్నాడు హాయిల్.

ఆమె నవ్వలేదు. బోసిపోయిన ముంజేతిని రెండో చేత్తో పట్టుకుని, "హాయిల్... ఇది పోతే నాకు ఇంకోటి రాదు," అంది.

ఆ మాట రోజంతా అతని వెంటే తిరిగింది.

పొద్దున్నుంచి ఆరు కార్లు చూశాడు. ఒకటి పొగ. ఒకటి కొండ ఎక్కేసరికి ట్యాంకు ఖాళీ చేసే రకం. ఇంకొకటి బాగుంది కానీ దాని ధర వింటే కళ్లు తిరిగాయి. సాయంత్రం నమాజు వేళకి, ఎవరో చెబితే, కొండమీది ఒక ఊళ్లో అబూ రాతిబ్ అనే ఆయన ఇంటికి చేరాడు.

పెరట్లో వెండిరంగు హైబ్రిడ్ కారు. పెట్రోలుతో కొంత, బ్యాటరీతో కొంత నడిచే రకం. లీటరుకి ఇరవై రెండు కిలోమీటర్లట. దిగుడులో తనంతట తనే బ్యాటరీ నింపుకుంటుందట. ఖితామ్ కోసమే చేసి పెట్టినట్టుంది.

"రేపు పొద్దున తనిఖీ చేయించి తీసుకుంటాను," అన్నాడు. శుక్రవారం తనిఖీ దుకాణాలన్నీ మూతే.

"నీ ఇష్టం తమ్ముడూ. అమ్మాన్ నుంచి ఒకాయన రాత్రికి వస్తానన్నాడు. ఆయన వచ్చేదాకా బండి నీదే, వచ్చాక ఆయనది," అన్నాడు అబూ రాతిబ్.

ధర అడిగితే హాయిల్ జేబులో ఉన్నదానికి ఐదు వందల దినార్లు ఎక్కువ చెప్పాడు.

చాప మీద కూర్చున్నారు. భార్యాపిల్లలు పెళ్లికి వెళ్లారని, అబూ రాతిబే యాలకుల కాఫీ పోసి ఇచ్చాడు. హాయిల్ ఆ చిన్న కప్పు అందుకున్నాడు. ఆవిరి మొహానికి తగిలింది. భార్య మాట గుర్తొచ్చింది. ఆమె బోసి ముంజేయి కూడా గుర్తొచ్చింది.

కప్పు తీసి చాప మీద పెట్టాడు.

అబూ రాతిబ్ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఆ నేల మీద దాని అర్థం తెలియనివాడు లేడు. అతిథి అడిగింది ఇచ్చేదాకా కాఫీ తాగడు. తాగకుండా లేచిపోతే ఆ ఇంటికి తలవంపులు.

"అడుగు," అన్నాడు మెల్లగా.

"అన్నా, నా దగ్గర ఉన్నది ఇంతే. ఇది నా భార్య బంగారం. ఆదివారం పొద్దున ఆమె పనిలో ఉండాలి. పదకొండేళ్లు ఎదురుచూసింది."

అబూ రాతిబ్ కారు వంక చూశాడు. హాయిల్ వంక చూశాడు. ఏదో చెప్పబోయినట్టు నోరు తెరిచి, మళ్లీ మూసుకున్నాడు.

"...తాగు తమ్ముడూ. నువ్వు అడిగింది ఇచ్చాను."

హాయిల్ తాగాడు. ఆ గుక్కతో ఐదు వందలు తగ్గాయి. ఆ గుక్కతోనే ఇంకొకటి కూడా అయిపోయింది. తన మర్యాద కోసం సొమ్ము వదులుకున్న మనిషిని, "నీ బండికి రోగమేమైనా ఉందా, కాగితం చూపించు" అని ఇక ఏ నోటితో అడుగుతాడు? అడిగితే గడ్డం పట్టుకుని గుంజినట్టే.

అడగలేదు.

సూర్యుడు దిగాక, నమాజు చేసుకుని, కారెక్కాడు. వెనక అద్దాలకు నల్ల కాగితం. వెనక సీటు మీద ఉన్ని కంబళి ముద్దగా పడి ఉంది. కంబళి కూడా ఇచ్చేశాడా ఏమిటి అనుకున్నాడు. అదీ అడగలేదు.

కారు చప్పుడు లేకుండా కదిలింది. మెత్తగా, పిల్లి నడిచినట్టు. ఊరు దాటుతూనే ఖితామ్‌కి ఫోన్ చేశాడు.

"కొన్నాను! చప్పుడే లేదే దీనికి, నీ మీద ఒట్టు!"

"కాగితం?"

"...ఉంది."

"ఏం రాశారు?"

"సిగ్నల్ పోతోంది, దిగాక చెప్తా," అని పెట్టేశాడు. సిగ్నల్ పోలేదు.

దిగుడు మొదలైంది. చలి. చంద్రుడు లేడు. దూరంగా, బాగా కింద, మృత సముద్రం అవతలి ఒడ్డు దీపాలు గుడ్డి మినుకుల్లా ఉన్నాయి. అప్పుడు చూశాడు — పెట్రోలు అయిపోవస్తోందని పసుపు దీపం వెలిగింది. జేబులో అర దినారు బిళ్ల ఒక్కటే మిగిలింది.

దారిలో ఆగిపోతే? ఎవరు వస్తారు? రేపంతా ఎవరిని బతిమాలాలి? ఆదివారం పొద్దున...

లారీల కాలం నుంచి చిన్న బళ్లవాళ్లు చేసేది చూసినవాడే. దిగుడే కదా. బండి ఆపే బటన్ మీద వేలు పెట్టి నొక్కి పట్టాడు. తెర మీది దీపాలన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయి. ముందు లైట్లు మాత్రం సన్నగా మిగిలాయి.

కారు జారుతోంది.

గాలి తప్ప ఏ చప్పుడూ లేదు. ఒక మలుపు... రెండు... మూడు... స్టీరింగు బరువెక్కింది. బ్రేకు తొక్కాడు, పడింది. ఇంకోసారి తొక్కాడు, కొంచెం పడింది. మూడోసారి తొక్కితే —

రాయిని తొక్కినట్టుంది.

బటన్ నొక్కాడు. ఏదో ఒక్కసారి కూసింది. ఎర్రటి త్రికోణం ఒకటి తెర మీద మెరిసి పోయింది. మళ్లీ నొక్కాడు. ఏమీ లేదు. మళ్లీ... మళ్లీ...

ఎదురుగా లైట్ల అంచులో తెల్ల సున్నం పూసిన రాయి కనిపించింది. పద్నాలుగేళ్లు చూసిన రాయి. ఒంటిచెప్పు మలుపు దాని తర్వాతే.

సరిగ్గా అప్పుడు వెనక సీటు కిర్రుమంది.

మనిషి బరువుకి స్ప్రింగు అణిగిన చప్పుడు. హాయిల్ స్టీరింగుని ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. వెనక్కి తిరగలేదు. అద్దంలోకి చూడలేదు.

చెవికి బాగా దగ్గరగా, ఊపిరి తగిలేంత దగ్గరగా — ఆడగొంతు. గుసగుస.

"ఆపు..."

ఏ ప్రార్థనా గుర్తు రాలేదు.

"ఆపు... నన్ను దింపెయ్యి..."

ఆ తర్వాత చేసింది బుద్ధి చేసింది కాదు, భయం చేసింది. మలుపు తిప్పుదామన్న ఆలోచనే పోయింది. ఆ గొంతునుంచి పారిపోవాలి, అంతే! స్టీరింగుని రెండు చేతులా లాగి కొండవైపు విరిచాడు. ఎడమ కాలితో పార్కింగ్ బ్రేకు అదిమాడు. రోడ్డు పనివాళ్లు కొండవార పోసి వదిలేసిన కంకర గుట్టలోకి కారు ముక్కు గుచ్చుకుంది. గరగర... గరగర... ఒక్క కుదుపు.

ఆగింది.

దుమ్ము మెల్లగా లైట్ల ముందు కిందికి దిగింది. ముందున్నది మలుపే. అంచున గోడ లేదు. ఎప్పుడో ఏ లారీయో కొట్టేసి పోయింది. ఇంకో ఇరవై అడుగులు జారి ఉంటే...

హాయిల్ తలెత్తి అద్దంలోకి చూశాడు.

చీకట్లో రెండు కళ్లు. తెల్లటి ముసుగు. ఎండిన చెయ్యి ఒకటి ముందుకి చాచుకుని వచ్చి... అతని భుజం పట్టుకుంది.

చల్లగా లేదు ఆ చెయ్యి. వెచ్చగా ఉంది.

హాయిల్ తలుపు తోసుకుని రోడ్డు మీద పడ్డాడు. "ఎవరు నువ్వు? దేవుడి మీద ఒట్టు, చెప్పు, మనిషివా, జిన్నువా?" అని అరిచాడు. లోపల ఎవరో దగ్గారు. ముసలి దగ్గు. ముక్కు చీదిన చప్పుడు కూడా వినబడింది. జిన్నులు ముక్కు చీదవు. ఫోన్ దీపం వేసి చూస్తే — ఎనభై ఏళ్ల ముసలావిడ. గడ్డం మీద పచ్చబొట్లు. వాడిన మొహంలో అబూ రాతిబ్ ముక్కు, అబూ రాతిబ్ కళ్లు. ఒళ్లో ఆ ఉన్ని కంబళి.

హాయిల్ రోడ్డు మీదే కూలబడి, ఏడ్చాడో నవ్వాడో అతనికే తెలియదు.

"అమ్మా... నువ్వా తల్లీ మాట్లాడింది! నా ప్రాణం తీశావు కదా! దింపెయ్యమంటే దింపనా? ముందే ఓ కేక వెయ్యొచ్చుగా?"

ఆవిడ పలకలేదు. నీళ్లసీసా ఇస్తే తాగింది. కొండపైకి వేలు చూపించింది. అడక్కుండా ఎత్తుకొచ్చినందుకు కోపంగా ఉంది కాబోలు, ఉండదా మరి, అనుకున్నాడు హాయిల్.

ఫోన్ చేస్తే అబూ రాతిబ్ పావుగంటలో పికప్ వేసుకుని వచ్చాడు. బండి పూర్తిగా ఆగకముందే దూకాడు. "అమ్మా!" అని ఆవిడ కాళ్ల దగ్గర పడ్డాడు. లోపలి గదిలో పడుకుందనుకున్నాడట. చలికాలం వస్తే ఆవిడ మధ్యాహ్నాలు ఆ కారులోనే ఒరిగేదట. ఎండకి లోపల పొయ్యి పక్కన ఉన్నట్టు వెచ్చగా ఉంటుందని. కంబళి కప్పుకుంటే మనిషున్నట్టే తెలియదు.

అప్పుడు లేచి, కారు ఆగిన చోటు చూశాడు. గోడలేని అంచు చూశాడు. తెర మీద ఎర్ర త్రికోణం మళ్లీ మినుకుమంటోంది.

"తమ్ముడూ, పెద్ద బ్యాటరీ చచ్చిపోయింది దీనికి," అన్నాడు. "హెచ్చరిక దీపం కనబడకుండా చెరిపించాను. ఆపితే మళ్లీ అంటుకోదని తెలుసు. కప్పు కింద పెట్టినప్పుడు చెప్పేద్దామనుకున్నాను. చెప్పలేకపోయాను. నిన్ను చావుకి పంపించాను, తెలియకుండా మా అమ్మను కూడా నీ వెనక కూర్చోబెట్టి పంపించాను."

క్షమించమన్నట్టు అబూ రాతిబ్ హాయిల్ తలని రెండు చేతులా పట్టుకుని నుదుటి మీద ముద్దుపెట్టుకున్నాడు. డబ్బు కట్ట, కట్టింది కట్టినట్టే, తిరిగి చేతిలో పెట్టాడు. పికప్ తాళాలు కూడా పెట్టాడు.

"కొత్త బ్యాటరీ వేయించి, తనిఖీ కాగితంతో తెచ్చి మీ గుమ్మంలో నిలబెడతాను. నచ్చితేనే డబ్బివ్వు. అందాకా ఆదివారం మా చెల్లెలు దీంట్లో పోతుంది. ట్యాంకు నిండుగా ఉంది. ఇది మాత్రం ఒంటెలా తాగుతుంది, ఏమనుకోకు."

తల్లీకొడుకుల్ని పైన వాళ్ల ఇంటి దగ్గర దింపి, ఇంటికొచ్చి హాయిల్ అంతా చెప్పాడు, కాగితం సంగతి అబద్ధమని కూడా.

"బండి ఎంత తాగుతుందని అడిగావు," అంది ఖితామ్. "ఒక్కసారి వెనక్కి తిరిగి, లోపల ఎవరున్నారో చూసుకోలేదు! గాజులు పోతే పోయాయి. నువ్వు పోతే ఆ ఉద్యోగం ఎవరికి చెప్పుకోవడానికయ్యా?"

ఆదివారం తెల్లవారుజామున పికప్ తోలుకుని కొండెక్కింది. ఎనిమిదికి ఐదు నిమిషాల ముందు రిజిస్టరులో సంతకం పెట్టింది.

సాయంత్రం వెలుగుండగానే తిరిగొచ్చింది. మొహం అలసిపోయి, వెలిగిపోతూ ఉంది. పిల్లలు చుట్టూ మూగారు. సేజ్ ఆకు వేసిన టీ పట్టుకుని ఒక్కొక్కటీ చెప్పింది. ఎంతమందికి సూది వేసిందీ, డాక్టరమ్మ ఏమందీ, పెద్ద కంచం నిండా మిఠాయి పట్టుకుని అబూ రాతిబ్ తల్లిని తీసుకొచ్చిందీ...

"బి.పి. నేనే చూశాను. నా చెయ్యి పట్టుకుని వదల్లేదు ఆవిడ."

"నన్ను తిట్టిపోసిందా?" హాయిల్ నవ్వాడు. "ఆ రాత్రి రెండే రెండు మాటలంది, ఆపమనీ దింపమనీ. తర్వాత కోపంతో మూతి బిగించేసింది."

ఖితామ్ గ్లాసు కింద పెట్టింది.

"మళ్లీ చెప్పు. ఆవిడే అందా? నువ్వు విన్నావా?"

"చెవిలో చెప్పినట్టు విన్నాను. ఏం?"

ఖితామ్ పిల్లలవైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"ఆవిడ కార్డు నా చేత్తోనే నింపాను, హాయిల్. పక్షవాతం వచ్చి మూడేళ్లు. కాలు కూడదీసుకుంది కానీ నాలుక కదలదు. ఈ మూడేళ్లలో ఒక్క మాట లేదు... 'చచ్చేలోగా అమ్మ నన్నొకసారి పేరు పెట్టి పిలిస్తే చాలు' అని, అంతటి మనిషి అబూ రాతిబ్, నా ముందు కూర్చుని ఏడ్చాడు."



ఖితామ్ లేచింది. పెరట్లోకి వెళ్లి, తెల్ల కోటు ఉతికి తీగ మీద ఆరేసింది. పొద్దున్నే అది వేసుకుని మళ్లీ ఆ దారినే కొండెక్కాలి.